డిఫర్డ్ సీటు

నన్ను కౌన్సెలర్‌ను చేసింది నా చదువు కాదు, అనుభవం అంతకన్నా కాదు. ఒక రంగుల కరపత్రం. కరీంనగర్‌లో నేను ఇంగ్లీషు చెప్పే ప్రైవేటు స్కూలు ఒక ఏడాది తన పేరు చివర ‘ఇంటర్నేషనల్’ అని తగిలించుకుంది. పేరు మారింది గానీ గోడలు, బెంచీలు, మేము, మా జీతాలు అన్నీ పాతవే. కొత్త కరపత్రం అచ్చుకు ఇస్తుంటే ‘విదేశీ విద్యా విభాగం’ అనే గడి ఒకటి ఖాళీగా మిగిలిందట. అందులో ఒక ఫోటో పెట్టాలి. స్టాఫ్ రూములో కళ్ళజోడు, కాటన్ చీర, నెరిసిన జుట్టు మూడూ ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. మర్నాటికి నాకో గది, గది తలుపుకు ‘కౌన్సెలర్’ అనే ఇత్తడి పలక వచ్చాయి. అంతకుముందు ఆ గదిలో క్రికెట్ బ్యాట్లు ఉండేవి.

ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను. బయటి దేశాల కాలేజీలకు దరఖాస్తు పెట్టుకునే పిల్లలు, వాళ్ళకు దారి చూపాల్సిన కొత్త టీచర్లు అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటారు. ఎలా రాయాలి, ఏం రాయాలి, ఏం రాస్తే వాళ్ళు పడిపోతారు అని అడుగుతారు. అవన్నీ చెప్పడానికి వీధికొక ఆఫీసు ఉంది. నేను చెప్పగలిగింది ఒక అమ్మాయి సంగతి. దాని చుట్టూ మా స్కూలు ఆడిన ఆట సంగతి.

మా కరస్పాండెంట్‌కు పొలాలున్నాయి, రైస్ మిల్లు ఉంది, ఫంక్షన్ హాలు ఉంది. వాటి తర్వాత పెట్టింది స్కూలు. ఆయనకు పిల్లలు మిల్లుకొచ్చే వడ్లలా కనిపించేవారని నేను అనను. వడ్లనైతే ఆయన స్వయంగా గుప్పిట పట్టి చూస్తాడు. ఇక మా ప్రిన్సిపాల్. మెత్తటి మనిషి. ఏమడిగినా ‘చూద్దాం మేడం’ అనేవాడు. ఆయన చూసి తేల్చిన విషయం ఒక్కటీ నా ఎరుకలో లేదు.

ఆ అమ్మాయిది ఇచ్చోడ. మా హాస్టల్లో ఉంటూ పన్నెండో తరగతి చదివేది. తండ్రి బస్సు కండక్టర్. ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ వచ్చే బస్సులో డ్యూటీ పడినప్పుడల్లా, బస్సు తిరిగి బయలుదేరేలోపు స్కూలుకు వచ్చి గేటు దగ్గర బిడ్డను చూసి పోయేవాడు. తల్లి ఇంట్లోనే బట్టలు కుట్టేది. బాగా చదువుతుందని పిల్లకు ఫీజులో సగం మాఫీ చేశారు. ఆ మాఫీ గురించి కరస్పాండెంట్ నెలకోసారైనా ఎవరో ఒకరి ముందు ఎత్తేవాడు కాబట్టి, అది ఊరికే వచ్చిందని చెప్పలేను.

ఆమెకు భాషల పిచ్చి. వాళ్ళ ఊళ్ళో వారం వారం జరిగే అంగడిలో మనుషులు బేరమాడేటప్పుడు ఒక భాష నుంచి ఇంకో భాషలోకి ఎప్పుడు దూకుతారో చిన్నప్పటి నుంచి గమనించేది. తెలుగులో మొదలైన బేరం పశువుల దగ్గరికొచ్చేసరికి గోండిలోకి ఎందుకు పోతుంది, కూరగాయల దగ్గర మరాఠీ ఎందుకు వస్తుంది, కోపమొస్తే అందరూ ఉర్దూలోనే ఎందుకు తిట్టుకుంటారు. ఇవీ ఆమె ప్రశ్నలు. వాటి మీదే తన వ్యాసం రాసి, అమెరికాలో గొప్ప పేరున్న ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకుంది. అందరికన్నా ముందుగా, నవంబరులోనే, ఒక్కచోటికే పెట్టుకునే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతిలో పెట్టింది. జవాబు డిసెంబరులో వస్తుంది.

ఒక పొద్దున అసెంబ్లీ గంట కొట్టకముందే నా గదికి వచ్చి ఫోను బల్ల మీద పెట్టింది.

“ఏమన్నరు బిడ్డా?”

“వద్దనలే మేడం. రమ్మనలే.”

చదివాను. మీ దరఖాస్తు మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది అని మొదలైంది. నిర్ణయం మాత్రం ఇప్పుడు చేయలేకపోతున్నాం, మిగతా అందరి దరఖాస్తులతో కలిపి వచ్చే మార్చిలో మళ్ళీ చూస్తాం అని ముగిసింది. పెళ్ళిచూపులకు వచ్చి, పెట్టిందంతా తిని, పిల్ల లక్షణంగా ఉంది, ఇంటికి పోయి కబురు చేస్తాం అని లేచే వాళ్ళ మాట ఇలాగే ఉంటుంది. ఎంత పెద్ద విశ్వవిద్యాలయమైతే అంత తియ్యగా ఉంటుంది.

“ఏడ్చినవా?” అన్నాను.

“తెల్లారంగ జర ఏడ్చిన. ఇప్పుడు ఆకలైతుంది.”

నా డబ్బాలో సర్వపిండి ఉంది. తింటూ కూర్చుంది. అప్పుడే నాకు ఈ పిల్ల గురించి ఫికర్ అక్కర్లేదనిపించింది. ఫికర్ పడాల్సింది చుట్టూ ఉన్నవాళ్ళ గురించి అని ఇంకా తెలియదు.

మీరు ఈ స్థితిలో ఉంటే చేయాల్సినవి రెండే పనులు. మీ గురించి కొత్తగా చెప్పడానికి ఏమైనా ఉంటే, ఆ విశ్వవిద్యాలయానికి ఒక చిన్న ఉత్తరం రాయడం మొదటిది. వాళ్ళు వద్దంటారనే లెక్కలో ఇంకొన్ని కాలేజీలకు దరఖాస్తు పెట్టడం రెండోది. వాటికి గడువు కొత్త సంవత్సరం మొదట్లోనే అయిపోతుంది. ప్రతి దరఖాస్తుతో పాటు స్కూలు ముద్ర ఉన్న మార్కుల పత్రం, కౌన్సెలర్ రాసిన అభిప్రాయం స్కూలు ఆన్‌లైన్ ఖాతా నుంచి వెళ్ళాలి. పిల్ల ఒక్కతే పంపుకుంటే చెల్లదు. ఆ పొద్దున మేమిద్దరం కూర్చుని, చేరిన పిల్లల ఖర్చంతా తామే భరించే కాలేజీలు కొన్ని ఏరి పెట్టుకున్నాం.

మధ్యలో ప్రిన్సిపాల్ ఏదో సంతకం కోసం లోపలికి వచ్చాడు. ఉత్తరం ఆయనకు కూడా చూపించాను. అది నేను చేయకుండా ఉండాల్సింది. మధ్యాహ్నానికి కరస్పాండెంట్ గది నుంచి పిలుపొచ్చింది.

“మేడం, డిఫర్డ్ అంటే ఏంది?”

“వాయిదా సార్. ఇప్పుడు తీస్కోలే. మార్చిల అందరితోని కలిపి మళ్ళ చూస్తరట.”

“అంటే ఇయ్యమని అనలే గదా.”

“ఇస్తమని గూడ అనలే సార్.”

ఆయన నవ్వాడు. “కోర్టుల కేసు వాయిదా పడ్డదంటే ఓడిపోయినట్టా? నాకు జెప్తరా మేడం. నావి ఎన్ని నడుస్తున్నయో మీకు తెల్వదు.”

ప్రిన్సిపాల్ వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశాడు.

ఆ వారంలోనే ఫ్లెక్సీలు లేచాయి. బస్టాండు ఎదురుగా ఒకటి, కలెక్టరేట్ దారిలో ఒకటి, మిల్లు గోడ మీద ఒకటి. అమ్మాయి ఐడీ కార్డు ఫోటో తీసుకుని మెడ కింద ఎవరిదో నల్లకోటు అతికించారు. వెనకాల ఏ దేశానిదో తెలియని గుమ్మటాల భవనం. పక్కన ఆమె ముఖానికి రెండింతలు పెద్దగా కరస్పాండెంట్ ముఖం. కింద అక్షరాలు: ‘ప్రపంచ ప్రఖ్యాత విశ్వవిద్యాలయంలో డిఫర్డ్ సీటు సాధించిన మా విద్యార్థినికి శుభాకాంక్షలు’. డిఫర్డ్ అనే మాటను ఎర్ర రంగులో వేశారు. అదేదో మామూలు సీటు కన్నా ఒక మెట్టు పైదన్నట్టు.

జనం అలాగే తీసుకున్నారు. నా గది ముందు తల్లిదండ్రులు కూర్చోవడం మొదలైంది. మంచి బట్టల్లో వచ్చిన ఒకాయన, పట్టణంలో పేరున్న వ్యాపారి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని, “మా బాబుకు గూడ గా డిఫర్డ్ సీటే గావాలె మేడం. మేనేజ్‌మెంట్ కోటల ఉంటదా?” అన్నాడు. డిఫర్డ్ అంటే వాయిదా అని చెప్పాను. వినలేదు. “గట్లనే అంటరు. మాకైతే చెప్పరు” అని లేచి నేరుగా కరస్పాండెంట్ గదికి పోయాడు. ఆ చలికాలంలో మా స్కూల్లో కొత్త చేరికలు బాగా పెరిగాయని విన్నాను. పిల్లల చదువు కోసం ఇల్లైనా అమ్ముకుంటామనే మనుషులు ఒక్క మాటకు అర్థం వెతుక్కోవడానికి మాత్రం ఒప్పుకోరు.

అమ్మాయి తండ్రి ఫ్లెక్సీని తన బస్సులోంచే చూశాడు. మర్నాడు మిఠాయి డబ్బాతో, ఖాకీ బట్టల్లోనే స్కూలుకు వచ్చాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నా గది గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చాడు.

“మేడం, జగిత్యాల కాడ్నించి బస్సుల ఎక్కినోళ్ళంత చెయ్యి కలుపుతుండ్రు. బిడ్డనేమో ఫోన్ల ఇంకా ఏం కాలే బాపు అంటది. సిగ్గుపడి చెప్తలేదు అనుకున్న.”

“మీ బిడ్డ నిజమే చెప్పింది. ఇంకా సీటు రాలే.”

“మరి గంత పెద్దగ రాసిండ్రు గద మేడం.”

“తప్పు రాసిండ్రు.”

ఆయన తెరిచిన మిఠాయి డబ్బాకు మూత పెట్టాడు. మళ్ళీ మూత తీసి నా ముందుకు జరిపాడు. “తెచ్చినంక ఏం జేస్తం. తినుండ్రి, పాడైతయి” అన్నాడు. ఆ మిఠాయి తినడం నాకు చాలా కష్టమైంది.

“నేనిప్పుడు బస్సుల ఏం చెప్పాలె?” అని అడిగాడు.

తర్వాత హైదరాబాద్ నుంచి విదేశీ దరఖాస్తులు రాయించే నిపుణుడు ఒకడు దిగాడు. కరస్పాండెంట్ పిలిపించాడు. ‘ఫ్లెక్సీ అయితే కట్టినం, సీటు గూడ వస్తే మంచిగుంటది గద’ అనేది ఆయన ఆలోచన. నిపుణుడికి ముప్పై దాటి ఉండవు. రెండు ఫోన్లు, ఒకే రకం చిరునవ్వు. అమ్మాయి వ్యాసాన్ని పైనుంచి కిందికి వేలితో జరిపి చూసి, “ఈమెకు స్టోరీ లేదు మేడం” అని నాతో అన్నాడు. ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది.

“నువ్వు ఆదిలాబాద్ సైడ్ కదమ్మా. ట్రైబల్ ఏరియా. అది వాడుకోవాలి. ఒక సేవా సంస్థ పెట్టినట్టు చూపిద్దాం. ఏదైనా గూడెంలో దుప్పట్లు పంచుతూ ఫోటోలు తీయిద్దాం. మా కెమెరా మనిషి వస్తాడు. ఆ ఫోటోలతో కొత్త ఉత్తరం రాస్తే వాళ్ళు కరిగిపోతారు.”

కరస్పాండెంట్ తల ఊపాడు. ప్రిన్సిపాల్ కూడా ఊపాడు.

అమ్మాయి అడిగింది, “ఏ గూడెం సార్?”

“ఏదైనా పర్లేదు.”

“మా ఊరి పక్క గూడెంల నా దోస్తులున్నరు సార్. అయిదో తరగతి దాకా కలిసి చదివినం. మొన్న సెలవులల్ల వాళ్ళ అవ్వ దగ్గర కూసొని గోండి లెక్కలు నేర్చుకున్న. తప్పులు జెప్తుంటే నవ్విండ్రు. వాళ్ళకు నేను దుప్పటి ఇస్తున్నట్టు ఫోటో దిగాల్నా?”

“సహాయమే కదమ్మా.”

“సహాయం వాళ్ళు జేసిండ్రు సార్, నాకు.”

నిపుణుడు ఆ మాట విన్నాడో లేదో గానీ రాసుకున్నాడు. అది కూడా ఎక్కడో ఎవరి వ్యాసంలోనో పెట్టే ఉంటాడు.

ప్రిన్సిపాల్ తనవంతుగా ఒక ఉత్తరం తయారుచేసి తెచ్చాడు. అందులో మహారాజశ్రీ గారికి పాదాభివందనాలతో అనే ధోరణి అంతా ఇంగ్లీషులో ఉంది. స్కూలు బస్సులు, ఈత కొలను, కరస్పాండెంట్ అందుకున్న సన్మానాలు ఉన్నాయి. పిల్ల పేరు చివరి వాక్యంలో ఒకసారి వచ్చింది. నేను దాన్ని మడిచి సొరుగులో పెట్టాను. అమ్మాయి రాసింది అరపేజీ కూడా లేదు. దరఖాస్తు పంపిన తర్వాత పత్తి సీజన్ వచ్చిందని, మహారాష్ట్ర నుంచి వచ్చే వ్యాపారులు పత్తిలో తడి ఎంతుందో చెప్పడానికి వాడే మాటలు రైతులకు తెలియనట్టు నటిస్తారని, నిజానికి అందరికీ తెలుసని, గోండిలో లెక్కపెట్టడం మొదలుపెట్టానని రాసింది. మీరు తీసుకుంటే తప్పకుండా వస్తాను అని ముగించింది. నేను ఒక్క కామా మార్చాను. అలాంటి ఉత్తరాన్ని పంపినందుకు ఆ విశ్వవిద్యాలయం మాకు కృతజ్ఞతలు చెబుతూ ఒక జవాబిచ్చింది. జవాబిచ్చింది మనిషి కాదు, యంత్రం.

అసలు గొడవ మిగతా కాలేజీల దగ్గర వచ్చింది. మార్కుల పత్రాల మీద ముద్ర వేయమని ప్రిన్సిపాల్‌ను అడిగితే ‘చూద్దాం మేడం’ అన్నాడు. రెండో రోజూ అదే అన్నాడు. మూడోసారి అడిగితే నిజం చెప్పాడు. “కరస్పాండెంట్ సారు వద్దన్నడు మేడం. సీటు వచ్చిన పిల్ల ఇంకోచోట ఎందుకు అప్లికేషన్ పెడుతది అని జనం అడుగుతరంట. ఫ్లెక్సీ ఉత్తదయితదంట.”

మీకు అర్థమైందో లేదో, నాకైతే నమ్మడానికి కాస్త సమయం పట్టింది. ఒక అబద్ధం నిలబడటం కోసం ఆ పిల్లకు మిగిలిన తలుపులన్నీ మూసేయాలి. ఆ పని చేసేది దొంగలు కాదు, విద్యాసంస్థ. గోడ మీద సరస్వతి పటం, దాని కింద అగరుబత్తి, ఆ గదిలో కూర్చునే ఆ మాట అన్నారు.

అమ్మాయే తండ్రికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పింది. మర్నాడు ఆయన డ్యూటీ మీద వచ్చి, బస్సును స్టాండులో పెట్టి, నేరుగా కరస్పాండెంట్ గదికి వెళ్ళాడు. నన్ను కూడా రమ్మన్నారు. అమ్మాయి తలుపు పక్కన నిలబడింది. ఆయనను కూర్చోమని ఎవరూ అనలేదు.

“సార్, బిడ్డ కాయిదాలు పంపియ్యమని చెప్పుండ్రి. టైం అయిపోతున్నదట” అన్నాడు.

“అయ్యో, నీకు పరేషాన్ ఎందుకయ్యా. ఒక సీటు వచ్చినంక రెండోది ఎందుకు? యాన్యువల్ డేకు పెద్దోళ్ళను పిలుస్తున్న. నీ బిడ్డకు స్టేజీ మీద శాలువా కప్పుతరు. నువ్వు గూడ రా. యూనిఫాం లేకుంట మంచి బట్టలల్ల రా.”

“సీటు రాలే గద సార్.”

“వస్తది. రాకపోతే మార్చిల చూసుకుందం. గప్పటికి ఎవరికి యాదికుంటది.”

“నాకుంటది సార్.”

కరస్పాండెంట్ స్వరం తగ్గించాడు. ఆయన స్వరం తగ్గిస్తే బెదిరిస్తున్నట్టు లెక్క. “మాఫీ పిల్లల హాల్ టికెట్లు నా టేబుల్ మీదికే వస్తయి. గది గూడ యాదికి పెట్టుకో.”

తండ్రి టికెట్ మిషను సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. ఆయన గొంతు పెరగలేదు.

“సార్, బస్సుల సీటు లేకున్నా ఉన్నదని చెప్పి ఎక్కిచ్చుకున్నననుకో, నిర్మల్ దాకా నిలబడ్డోడు నన్నే అడుగుతడు. డ్రైవర్‌ను అడగడు, డిపో మేనేజర్‌ను అడగడు. రేపు మా ఊర్ల గూడ అంతే. నా బిడ్డనే అడుగుతరు. గప్పుడు మీరొచ్చి చెప్తరా, మేమే అబద్ధం రాసినమని?”

ఆ గదిలో కరస్పాండెంట్‌ను ప్రశ్న అడగడం అలవాటు లేదు కాబట్టి జవాబు కూడా సిద్ధంగా లేదు. ఆయన నా వైపు తిరిగాడు.

“మేడం, స్కూలు తరఫున ఏ కాయిదం పోవద్దు. పోతే మీదే బాధ్యత.”

“మంచిది సార్” అన్నాను.

నిజంగానే మంచిదనిపించింది. కరపత్రంలో గడి నింపడానికి నాకిచ్చిన పదవిని ఈ దేశంలో ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఆ దేశపు కాలేజీలు పట్టించుకున్నాయి. స్కూలు ఖాతా నా పేరు మీదే ఉంది. దాన్ని తెరవడం మిగతావాళ్ళకు తెలియదు కూడా. కావాల్సింది ప్రిన్సిపాల్ గదిలో ఉన్న ముద్ర ఒక్కటే.

సాయంత్రం ప్రిన్సిపాల్ నా గది గుమ్మం దగ్గర ఆగాడు. లోపలికి రాలేదు.

“రేపు నేను లీవు మేడం. మనవరాలిది అక్షరాభ్యాసం, బాసర పోతున్నం.”

“శుభం సార్.”

“నా గది తాళం మీకాడ పెట్టుకోండ్రి. అటెండర్ ఎట్లనో పోగొడుతడు. టేబుల్ మీద సామానంత అట్లనే ఉన్నది. నేను ఏం సర్దలే.”

తాళం నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన ధైర్యం అంతవరకే వచ్చింది. తాను ఊళ్ళో లేని రోజున మంచి పని జరిగితే ఆయనకు అభ్యంతరం లేదు. నేను ఆ మనిషిని ఎగతాళి చేయకుండా ఉండలేను. ఆ తాళం తీసుకోకుండా కూడా ఉండలేకపోయాను.

మర్నాడు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పత్రాలన్నీ ముద్ర వేసి పంపాను. కౌన్సెలర్ అభిప్రాయం రాయాల్సిన చోట, ఈ అమ్మాయి గురించి మా ఊళ్ళో కట్టిన ఫ్లెక్సీలు నిజం కాదని, ఆమె వాటిని ఒప్పుకోలేదని కూడా రాశాను. రాయకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. అయినా రాయాలనిపించింది. మధ్యాహ్నం భోజనం వేళకు పని అయిపోయింది. అమ్మాయి కుర్చీలోంచి లేచి, “మేడం, మీకేమన్న అయితదా?” అని అడిగింది. ఏమైనా అయితే ఇంట్లో నిద్రపోతానని చెప్పాను.

యాన్యువల్ డే రోజు ఆ పిల్లకు జ్వరమని హాస్టల్ వార్డెన్ కబురు పంపింది. నిజానికి పిల్ల తన గదిలో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. శాలువా మాత్రం వృథా కాలేదు, కరస్పాండెంట్‌కే కప్పారు.

కాగితాలు వెళ్ళాయని ఆయనకు తర్వాత తెలిసింది. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. అంత ప్రశాంతంగా నా ఉద్యోగంలో ఎప్పుడూ గడవలేదు. హాల్ టికెట్ విషయంలో మాత్రం మా అందరికీ భయముండేది. అది సమయానికే వచ్చింది. ఫ్లెక్సీ మీదున్న పిల్లను పరీక్ష రాయనివ్వకపోతే ఆ ఫ్లెక్సీకే దెబ్బ. ఆ అబద్ధం ఆ పిల్లకు పనికొచ్చింది ఆ ఒక్కసారే.

మార్చి చివర్లో పెద్ద విశ్వవిద్యాలయం నుంచి జవాబు వచ్చింది. వద్దన్నారు. ఈసారీ ఆకట్టుకుందనే మొదలుపెట్టారు. ఎందరో ప్రతిభావంతులున్నారు, స్థలం తక్కువ ఉంది, ఇది మీ విలువ మీద తీర్పు కాదు. అన్ని వేల మందికి ఒకే ఓదార్పు అచ్చు వేసి పంపేవాళ్ళు తమ విశ్వవిద్యాలయాన్ని మనిషిని మనిషిగా చూసే చోటని చెప్పుకుంటారు. మా కరస్పాండెంట్ అక్కడ పుట్టి ఉంటే పెద్ద పదవిలో ఉండేవాడని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

సంగతి విని ఆయన నన్ను పిలిపించాడు. చాలా రోజుల తర్వాత కూర్చోమన్నాడు.

“మేడం, ఇంకోసారి డిఫర్ చెయ్యమని అడగరాదు?”

“ఎందుకు సార్?”

“పోయినసారి అడ్మిషన్లు మంచిగయినయి.”

నేను ఆయన ముఖం చూశాను. ఎగతాళి కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

మేము పంపిన మిగతా కాలేజీల్లో ఎక్కువ భాగం వద్దన్నాయి. ఒకటి మాత్రం రమ్మంది. చలి ప్రదేశంలో, మొక్కజొన్న చేల మధ్యన ఉన్న చిన్న కాలేజీ. ఖర్చంతా వాళ్ళదే. ఉత్తరం కింద ఎవరో చేత్తో రెండు వాక్యాలు రాశారు: పశువుల బేరం గోండిలోకి ఎందుకు మారుతుందో మీ వ్యాసంలో చెప్పలేదు, అమ్మేవాడు మారుస్తాడా కొనేవాడా? అమ్మాయి నా ఎదురుగా నిలబడి దాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది.

“మేడం, చదివిండ్రు” అంది.

“తీస్కుంటమన్నరు బిడ్డా. అది చూడు ముందుగాల.”

“అది చూసిన. కానీ చదివిండ్రు మేడం” అంది మళ్ళీ. పెద్ద విశ్వవిద్యాలయం తియ్యటి మాటలకు తెల్లవారుజామున కాస్త ఏడ్చి ఆకలేసిన పిల్ల, ఒక ప్రశ్నకు నా గదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఈ వార్తకు ఫ్లెక్సీ లేదు. కాలేజీ పేరు చెబితే కరస్పాండెంట్ పెదవి విరిచాడు. “గా పేరు ఎవడు విన్నడు మేడం. కడితే నవ్వుతరు” అన్నాడు. పైగా కొత్తది కడితే పాతది ఏమైందని అడిగేవాళ్ళుంటారు. అలా ఆ స్కూలు చరిత్రలో నిజంగా జరిగిన ఒకే ఒక్క గొప్ప విషయాన్ని స్కూలే దాచుకోవాల్సి వచ్చింది.

ఆ వేసవి సెలవుల్లో మా కరస్పాండెంట్‌కు హఠాత్తుగా నా వయసు గుర్తొచ్చింది. నాకూ ఒక శాలువా కప్పి, నా సేవలు మరువలేనివని చెప్పి, తిరిగి రానక్కర్లేదన్నారు. తర్వాతి కరపత్రంలో నా గడిలో వేరే ఫోటో వచ్చింది. ఒక కొత్త టీచరుది. మంచి పిల్ల, నాకు తెలుసు. ఒకరోజు నా దగ్గరికి వచ్చి డిఫర్డ్ అంటే ఏమిటని అడిగింది. చెప్పాను. వాళ్ళు వద్దనడానికి తీసుకునే గడువుగా అనుకోమని, ఈ లోపల పిల్లల చేత ఇంకోచోట దరఖాస్తు పెట్టించమని, ప్రిన్సిపాల్‌కు ఉత్తరం చూపించవద్దని కూడా చెప్పాను. రాసుకుంది.

ఆ ఏడాది జూన్‌లోనే ఆదిలాబాద్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్తూ ఆ బస్సే ఎక్కాను. అమ్మాయి తండ్రే డ్యూటీలో ఉన్నాడు. నన్ను చూసి ముందు సీటు ఖాళీ చేయించబోతే వద్దన్నాను. బిడ్డ వీసా పని మీద హైదరాబాద్ పోయిందని, తల్లి తోడు వెళ్ళిందని చెప్పాడు. నిర్మల్‌లో జనం బాగా ఎక్కారు. వాళ్ళలో తెల్ల చొక్కా తొడుక్కున్న ఒకాయన టికెట్ తీసుకుంటూ, అందరికీ వినపడేటట్టు, “ఏమయ్యా, మీ బిడ్డకు అమెరికల గా పెద్ద సీటొచ్చె గద. కరీంనగర్‌ల ఫ్లెక్సీ చూసినం” అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. నేను కూడా చూశాను. కండక్టర్ టికెట్ చింపి అతని చేతికిచ్చాడు.

“గది రాలే. ఫ్లెక్సీ అబద్ధం. గా పెద్దోళ్ళు వద్దన్నరు, ఇంక శానా మంది వద్దన్నరు. ఒకలు రమ్మన్నరు. గాడికే పోతుంది” అన్నాడు.

తెల్ల చొక్కా ఆయన టికెట్ జేబులో పెట్టుకున్నాడు. “అయ్యో, అట్లనా” అన్నాడు.

“అయ్యో ఎందుకు, మంచిగున్నది” అన్నాడు కండక్టర్. “జర ముందటికి జరుగుండ్రి, ఎన్క మంది ఉన్నరు.”